రెండు చిల్లుల చీటీ

మార్చి 2
పొద్దున 146/92. సాయంత్రం 150/94.

డాక్టరు ఈ నోటుబుక్కు పెట్టమన్నాడు. రోజూ రెండు పూటలా బీపీ చూసుకుని అంకెలు రాయాలి, నెలాఖరున తెచ్చి చూపించాలి. ఆ రోజు దేనికైనా కంగారు పడ్డానేమో అది కూడా పక్కన రాయాలట. ఇవాళ పడలేదు.

డాక్టరు తెలుసుకోవడం కోసం: నేను మ్యూజియంలో కీటకాల గది చూసుకుంటాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఈ నెల 31న రిటైరవుతున్నాను. నా చేతి కింద రెండు లక్షల పైచిలుకు ఉన్నారు, అందరూ చచ్చిపోయి సూదులకు గుచ్చి ఉన్నవాళ్లే. ఒక్కరూ ఎదురు చెప్పరు. ఇలాంటి ఉద్యోగంలో బీపీ ఎందుకు వచ్చిందో డాక్టరుకూ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

మార్చి 3
148/94. సాయంత్రం 158/98.

కొత్త గ్యాలరీ గోడ మీద ప్రపంచ పటం వేస్తున్నారు. అడవి తేనెటీగలు ఎక్కడ పుట్టాయి, ఎటునుంచి ఎటు వెళ్లాయి అన్నది బాణాలతో చూపిస్తారు. 31న ప్రారంభం. నా వీడ్కోలు సభ కూడా అప్పుడే పెట్టేశారు, కుర్చీలు రెండుసార్లు వేయక్కర్లేదని.

పెయింటరు నిచ్చెన మీంచి అడిగాడు.

"సార్, సముద్రం మీద బాణం ఎంత లావుండాలి?"

"ఏ బాణం?"

"అమ్మాయిగారు గీసిచ్చింది సార్. ఆఫ్రికా నుంచి దక్షిణ అమెరికాకి. మిగతావన్నీ తోకల్లా ఉన్నా పర్లేదు, ఇదొక్కటి తలుపు దగ్గర్నుంచే కనపడాలన్నారు డైరెక్టరుగారు."

వేలంత ఉంటే చాలన్నాను. మధ్యాహ్నం డైరెక్టరుగారు వచ్చి చెయ్యంత చేయమన్నారట. ఎరుపు రంగు.

మార్చి 4
152/96. సాయంత్రం 154/96.

మా అమ్మాయి పీహెచ్‌డీ థీసిస్ ప్రింటు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మూడు వందల పన్నెండు పేజీలు. 27న వైవా. అది అయిపోతే వేరే ఊళ్లో పరిశోధన సంస్థలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, వాళ్లు ఆమెను పిలిచిందే నాలుగో అధ్యాయం చూసి.

"చదువు నాన్నా, అచ్చుతప్పులుంటే పెన్సిల్‌తో గుర్తు పెట్టు" అంది.

అచ్చుతప్పులు మాత్రమే కదా అన్నాను. ఇంకేం ఉంటాయి అని నవ్వింది.

నాలుగో అధ్యాయం మొత్తం నలభై ఒకటో సొరుగులోని ఒక్క తేనెటీగ మీద నిలబడి ఉంది. చిన్నది, నల్లది, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. దాని చుట్టాలందరూ ఆఫ్రికాలోనే ఉన్నారు. దీని కింద, అదే సూదికి గుచ్చి ఉన్న చీటీ మాత్రం దక్షిణ అమెరికా తీరంలో ఒక ఊరి పేరు చెబుతుంది. ఈ రకం పుట్టేసరికి రెండు ఖండాలూ విడిపోయి చాలా కాలమైంది, మధ్యలో సముద్రం వచ్చేసింది. కాబట్టి ఇది సముద్రం దాటింది. ఎండుకొమ్మలో గూడు పెట్టుకునే రకం గనక, కొమ్మ విరిగి నీళ్లలో పడితే గూడుతో సహా తేలుకుంటూ పోయి ఉంటుంది. కొన్ని తేనెటీగలు అలా దాటి ఉంటాయని పెద్దవాళ్లు ఎప్పుడో అన్నారు. ఇది కూడా దాటిందని అన్నది మా అమ్మాయి.

దాని కాలు ఒకటి తీసుకెళ్లి డీఎన్ఏ పరీక్ష కూడా చేయించింది. రకం అదేనని తేలింది. ఏ రకమో డీఎన్ఏ చెబుతుంది. ఎక్కడ దొరికిందో చెప్పేది చీటీ ఒక్కటే. పట్టి తెచ్చినాయన నూరేళ్ల కిందట ఓడల మీద తిరిగినవాడు, మేం ఓడాయన అంటాం. ఆయన లేడు. చీటీ మీదున్న ఊరి అడవి కూడా ఇప్పుడు లేదు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.

మార్చి 5
152/96. ఏమీ లేదు.

మార్చి 6
150/94. సాయంత్రం 150/94.

గోడ మీద పటం పక్కన పెట్టే రాత నన్నే రాయమన్నారు. రిటైరయ్యేలోపు నా చేత చేయించగలిగినవన్నీ చేయించుకుంటున్నారు. ఇలా రాశాను:

"పన్నెండు కోట్ల ఏళ్లకు పైగా కిందట కొన్ని కందిరీగలు ఉండేవి. అవి పురుగుల్ని వేటాడి తెచ్చి పిల్లలకు పెట్టేవి. వాటిలో ఒక కుటుంబం మాంసం మానేసి పుప్పొడి తేవడం మొదలుపెట్టింది. ఎందుకు మానేసిందో ఎవరికీ తెలియదు. తేనెటీగలన్నీ ఆ కుటుంబం వాళ్లే. అప్పుడు ఆఫ్రికా, దక్షిణ అమెరికా కలిసి ఒకే నేల. తేనెటీగలు ఆ ఎండు నేల మీదే పుట్టి ఉంటాయని ఇప్పటి అంచనా. తర్వాత నేల రెండుగా చీలింది. ఉన్నచోట ఉన్నవి ఉన్నట్టే రెండు ఖండాలవి అయిపోయాయి. ఉత్తరాదికి తర్వాత పాకాయి. ఆస్ట్రేలియాకు ఒకేసారి కాక విడతలు విడతలుగా చేరాయి. ఇప్పుడు ఇరవై వేల రకాలు ఉన్నాయి. మనం తేనె పిండుకునే పట్టు తేనెటీగలు అందులో పదికి అటూ ఇటూ. మిగతా వాటిలో ఎక్కువ భాగం ఒంటరివి. మట్టిలోనో కొమ్మలోనో గది కట్టి, పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, గది మూసేసి తల్లి వెళ్లిపోతుంది. చాలా రకాల్లో తల్లీ బిడ్డా ఒకరినొకరు చూసుకోరు."

డైరెక్టరుగారు చదివి, "బాగుంది గానీ ఇందులో తేనె ఏదండీ?" అన్నారు. ఎక్కువ రకాలు తేనె నిలవ చేయవని చెప్పాను. మరి తేనెటీగలని ఎందుకంటారు అన్నారు. నేను పెట్టిన పేరు కాదన్నాను. అరవై మాటలకు కుదించమన్నారు.

ఆఖరి వాక్యం కొట్టేశారు. సందర్శకులు పిల్లలతో వస్తారట.

మార్చి 8
156/98. సాయంత్రం 160/98.

ఈ పుస్తకం డాక్టరుకు చూపించను. అంకెలు వేరే కాగితం మీద ఎక్కించి ఇస్తాను.

ఇరవై తొమ్మిదేళ్ల కిందట నలభై ఒకటో సొరుగుకు సూదులు మారుస్తున్నాను. ఓడాయన కాలం నాటి ఇత్తడి సూదులకు చిలుం పట్టి తేనెటీగల ఒళ్లు పగిలిపోతున్నాయి. పాత సూది తీసి స్టీలు సూది గుచ్చాలి. తీసినంతసేపూ ఏ తేనెటీగ చీటీ దాని పక్కనే ఉండాలి. కొత్త సూదిని చీటీకి పాత చిల్లులోంచే దూర్చాలి. అది మా పనిలో రూలు. చీటీకి ఒకటే చిల్లు ఉంటే, అది ఎన్నడూ యజమానిని మార్చలేదని అర్థం.

ఆ రోజు పదకొండు తేనెటీగలు, పదకొండు చీటీలు ట్రేలో విడివిడిగా ఉన్నాయి. ట్రే జారింది.

అంతే.

మార్చి 9
156/98. థీసిస్ మూడో అధ్యాయం వరకు చదివాను. రెండు అచ్చుతప్పులు.

మార్చి 10
154/96. సాయంత్రం 162/100.

మా ఆవిడ బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. మా ఇంట్లో ఇద్దరివీ సూదుల బతుకులే. ఇంటికి వచ్చినవాళ్లు కుర్చీ తడిమి చూసుకుని కూర్చుంటారు.

ఇవాళ కొట్టుకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళితే ఒకామె జాకెట్టు పట్టుకుని గొడవ పెట్టుకుంటోంది, కుట్టు విప్పి కుట్టినట్టు తెలిసిపోతోందని. ఆమె వెళ్లాక మా ఆవిడ జాకెట్టు వెలుతురుకు ఎత్తి చూపించింది.

"ఇదిగో చూడండి. నేను కుట్టింది కాదు. ఇంతకుముందు ఎవరో విప్పారు. విప్పితే తప్పేం లేదు, పాత చిల్లులోంచే దారం పోనిస్తే దేవుడికి కూడా తెలియదు. కంగారు కంగారుగా కుడితేనే పక్కన ఇంకో చిల్లు పడుతుంది."

అవునన్నాను.

"మొహం అలా అయిందేంటండీ? బీపీ మాత్ర వేసుకున్నారా?"

వేసుకున్నానన్నాను. వేసుకోలేదు. ఆవిడ అటు తిరిగాక అక్కడే మంచినీళ్లతో వేసుకున్నాను.

మార్చి 12
158/98. సాయంత్రం చూసుకోలేదు.

అమ్మాయికి ఉద్యోగం ఉత్తరం వచ్చింది. వైవా పూర్తయిన వెంటనే చేరవచ్చని రాశారు. ఆవిడ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకుంది. భోజనాల దగ్గర చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"నాన్న ఏదో చెప్పబోతున్నారు" అంది అమ్మాయి.

"ఏం చెబుతారు, సంతోషంతో మాట రావడం లేదు" అంది ఆవిడ. "నువ్వు పుట్టినప్పుడూ ఇంతే. పొద్దున కబురు పెట్టిస్తే అంతా అయిపోయాక తీరిగ్గా వచ్చారు. ఏంటండీ ఇంతసేపు అంటే ట్రాఫిక్ అన్నారు. పిల్లని చేతికిస్తే నోట మాట లేదు, చెమటలు కారిపోతున్నాయి. నర్సు ముందు ఈయనకు మంచం వెయ్యమంది."

అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఈ కథ ప్రతి పుట్టినరోజుకూ వింటుంది, ప్రతిసారీ నవ్వుతుంది.

నేను కూర బాగుందన్నాను. రేపు చెబుతాను.

మార్చి 13
160/98.

ఇవాళ చెప్పలేదు. అమ్మాయి యూనివర్సిటీలో ఉంది.

ట్రే దానంతటదే జారలేదు. లేస్తుంటే నా మోచెయ్యి తగిలింది. ట్రే బల్ల అంచున పెట్టి ఉంది. అంచున ఎవరు పెట్టారో గుర్తులేదు. ఆ గదిలో ఉన్నది నేనొక్కణ్ణే.

మార్చి 14
158/98. పెయింటరు బాణానికి తెల్ల కోటింగు వేశాడు. ఎరుపు సోమవారం వేస్తాడట. ఎరుపు ఒకసారి వేస్తే పోదు సార్, బాగా ఆలోచించుకోమని చెప్పండి అన్నాడు. ఎందుకలా అన్నాడో తెలియదు. పెయింటర్లందరూ అలాగే అంటారేమో.

మార్చి 15
162/100.

గది తలుపు వేసుకుని నలభై ఒకటో సొరుగు లాగాను. పదేళ్లుగా లాగలేదు. మా అమ్మాయి లాగుతూనే ఉంది, నేను లాగలేదు.

భూతద్దం పెట్టి చూశాను. మొత్తం నలభై. ఇరవై తొమ్మిది చీటీలకు ఒక్కో చిల్లు. పదకొండింటికి రెండేసి. ఎవరు చూసినా కనపడుతుంది. ఏడేళ్ల వయసులో మా అమ్మాయి సెలవులకు ఈ గదిలోనే స్టూలు మీద కూర్చునేది. అప్పుడే నేర్పించాను, చీటీ చదివే ముందు చిల్లు చూడు అని. మరి చూసే ఉంటుంది. చూసి, ఏమీ లేదని తేల్చుకుని ఉంటుంది. పెద్ద యూనివర్సిటీలో చదువుకున్న పిల్ల. మా కాలం పద్ధతులకూ ఇప్పటివాటికీ తేడా ఉంటుంది. ఆమె చూసి కూడా రాసిందంటే సరిగ్గానే ఉండి ఉంటుంది. బహుశా ఆ తేనెటీగ నిజంగానే అక్కడిది కావచ్చు. కాకూడదని ఏముంది?

ఇది రాశాక మనసు కొంచెం తేలికపడింది. మళ్లీ చూసుకుంటే 168/102. యంత్రం పాతది.

మార్చి 16
160/100. ఎరుపు వేశాడు. తలుపు దగ్గర్నుంచే కాదు, వీధిలోంచే కనపడుతోంది.

మార్చి 17
164/100. సాయంత్రం 170/104.

నాలుగో అధ్యాయం చదివాను. నూట నలభై మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను:

"ఈ సొరుగులోని పదకొండు చీటీలకు రెండేసి సూది చిల్లులు ఉన్నాయి. సూదులు మార్చినప్పుడు ఇలా జరిగి ఉంటుంది. మార్చినవారు ప్రస్తుత సంరక్షకులు. వారి పనిలో పొరపాటుకు అవకాశం లేదు కనుక వీటిని విడిగా తనిఖీ చేయలేదు."

ఆమె గైడు ఈ పేజీ పక్కన టిక్కు పెట్టాడు. అచ్చుతప్పులేమీ లేవు.

ఇంతకంటే ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 18
చూసుకోలేదు.

ఉన్నది రాస్తాను, ఒక్కసారి రాస్తే రేపు చెప్పడం తేలికవుతుంది.

గోడ మీద ఫోను మోగింది. ఆ ఫోను కోసం నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్నాను. గభాలున లేచాను. ట్రే నేనే అంచున పెట్టుకున్నాను, నేనే పడేశాను. పదకొండు తేనెటీగలు నేల మీద, చీటీలు బీరువా కింద దాకా. ఫోను పెట్టేసి మోకాళ్ల మీద కూర్చుని ఏరాను. ఒకదానికి కాలు ఊడితే జిగురు పెట్టాను. ఏ చీటీ దేనిదో రూపును బట్టి పోల్చుకుంటూ పెట్టాను. కంగారులో పాత చిల్లు దొరక్క కొత్త చిల్లు పొడిచాను. పది అయ్యాయి. చివరికి ఒక తేనెటీగ మిగిలింది, ఒక చీటీ మిగిలింది. మిగిలినవి రెండే గనక అవి ఒకదానివొకటి అనుకున్నాను. కలిపేశాను.

అప్పటి సీనియరు మంచి మనిషి. చెప్పి ఉంటే ఆ పదకొండింటికీ 'చోటు తెలియదు' అని రాయించి, ఒక రోజు మాట్లాడకుండా ఉండి, మర్చిపోయేవాడు. చెప్పలేదు. అప్పటికి ఐదేళ్ల సర్వీసే, రికార్డు బాగుండాలనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆఫీసులో అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు, ఆ సందట్లో కుదరలేదు. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు కుదరలేదు.

మార్చి 19
చెప్పాను.

పొద్దున పదింటికి అమ్మాయి ఫొటోల కోసం వచ్చింది. సొరుగు నేనే తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది ఎక్కడ దొరికిందో నాకు తెలియదు" అన్నాను.

"చీటీ మీద ఉంది కదా నాన్నా."

"ఆ చీటీ దీనిదో కాదో తెలియదు."

నవ్వబోయి ఆగింది. అంతా చెప్పాను. ఫోను సంగతి మాత్రం వదిలేశాను. ట్రే పడేశానని, ఏరి పెట్టానని, చివరికి రెండు మిగిలాయని చెప్పాను. ఆమె నా మొహం చూడలేదు, తేనెటీగనే చూస్తూ ఉంది.

"మిగతా పదీ?"

"చూసి పోల్చి పెట్టాను. సరిగ్గానే ఉండొచ్చు."

"ఉండొచ్చు అంటే?"

"తెలియదు."

భూతద్దం తీసుకుని పదకొండు చీటీల చిల్లులూ మళ్లీ చూసింది.

"రెండు చిల్లులు నేను చూశాను" అంది. "మొదటి వారంలోనే చూశాను. ఇంకెవరి సొరుగైనా అయితే ఆ రోజే వెళ్లి నిలదీసేదాన్ని. పదకొండు చీటీలకు రెండేసి చిల్లులు ఏంటండీ అని పీక మీద కూర్చునేదాన్ని. నువ్వు చేశావని ఊరుకున్నాను."

"నా తప్పే" అన్నాను.

"నీ తప్పు ట్రే వరకే. చూసి కూడా అడక్కపోవడం నాది. ఐదేళ్లు నాన్నా. ఒక్క మాట అడిగితే అయిపోయేది."

'నేను అడిగేదాకా ఆగకుండా నువ్వే చెప్పి ఉండాల్సింది' అని కూడా అంటుందనుకున్నాను. అనలేదు. సొరుగు తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. అంత కోపంలోనూ తేనెటీగల కాళ్లు కదలకుండా నెమ్మదిగా తోసింది, నేను నేర్పినట్టే. తలుపు మాత్రం గట్టిగా వేసుకుని వెళ్లింది.

సాయంత్రం 176/106. చెప్పేస్తే బీపీ తగ్గుతుందంటారు. ఎవరంటారో తెలియదు.

మార్చి 20
170/104. అమ్మాయి గది తలుపు మూసే ఉంది.

మార్చి 21
మూసే ఉంది.

మార్చి 22
168/102. ఆవిడకు అమ్మాయే చెప్పిందట. ఆవిడ నాతో మామూలుగానే మాట్లాడుతోంది, అన్నం వడ్డిస్తోంది, కానీ కూర ఇంకాస్త వెయ్యమంటారా అని అడగడం మానేసింది. అడగకుండానే వేస్తోంది.

మార్చి 23
మగ తేనెటీగలకు కొన్ని రకాల్లో గూడు ఉండదు. పొద్దుగూకితే ఏదో ఒక గడ్డిపోచను దవడలతో కరుచుకుని దాని మీదే పడుకుంటాయి. ఎప్పుడో చదివాను, ఇవాళ గుర్తొచ్చింది. హాల్లో సోఫా ఇరుగ్గా ఉంది.

మార్చి 25
162/98.

అమ్మాయి గైడు దగ్గరకు వెళ్లి వచ్చింది. వైవా రద్దు. నాలుగో అధ్యాయం తీసేయాలి, దాని మీద ఆధారపడ్డ ఐదో అధ్యాయం తిరగరాయాలి. ఏడాది పడుతుంది. ఉద్యోగం వాళ్లకు కూడా తనే ఫోను చేసి చెప్పింది. ఏడాది ఆగలేం, అప్పుడు ఖాళీ ఉంటే మళ్లీ రాసుకోండి అన్నారట. గైడు ఏమన్నాడని ఆవిడ అడిగింది. "ఎవరికీ చెప్పకుండా పోనిచ్చుంటే ఎవరికీ తెలిసేది కాదు కదమ్మా" అన్నాడట.

"మరి నువ్వేమన్నావు?"

"మా నాన్నకు తెలుసు కదండీ అన్నాను."

నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. పేపరు తలకిందులుగా ఏమీ లేదు, సరిగ్గానే ఉంది, కానీ ఒక్క ముక్క ఎక్కలేదు.

మార్చి 26
164/100.

డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన మొదట తలుపు వేశారు, తర్వాత కుర్చీ చూపించారు, తర్వాత ఆయనే అందులో కూర్చున్నారు. ఆహ్వానాలు అచ్చయిపోయాయి, వాటి మీద కూడా ఆ బాణమే ఉంది.

"ప్రారంభం అయ్యాక తీసేద్దామా?" అన్నారు.

ముందే తీసేద్దామన్నాను. ఈ ముప్పై నాలుగేళ్లలో ఏ డైరెక్టరుకైనా నేను వద్దని చెప్పింది ఇదే మొదటిసారి. ఆయన కూడా గమనించినట్టున్నారు, సరే అన్నారు. వీడ్కోలు సభ మాత్రం అనుకున్నట్టే జరుగుతుందన్నారు, కుర్చీలు చెప్పేశాం గనక.

మార్చి 28
160/98. పెయింటరు బాణం మీద నీలం రంగు వేశాడు. ఎరుపు తొంగి చూస్తోంది. రెండో కోటు వేశాడు. ఇంకా కనపడుతోంది.

"నేను ముందే చెప్పాను సార్" అన్నాడు.

నాకూ ముందే తెలుసన్నాను. అతనికి అర్థం కాలేదు, మూడో కోటుకు డబ్బా తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు.

మార్చి 30
158/96. అమ్మాయి పొద్దున కాఫీ తాగుతూ, "రేపు సభకి ఏ చొక్కా వేసుకుంటున్నావు?" అంది. పదకొండు రోజుల తర్వాత మొదటి మాట. నీలం చొక్కా అన్నాను. గోడలో కలిసిపోతావు, తెల్లది వేసుకో అంది.

మార్చి 31
పొద్దున 160/98.

సభకు నలభై మంది వచ్చారు. డైరెక్టరుగారు మైకు పట్టుకుని, రాసుకొచ్చిన కాగితం మార్చడం మర్చిపోయినట్టున్నారు, "ముప్పై నాలుగేళ్లలో ఒక్క పొరపాటు కూడా చేయని మనిషి" అని చదివేశారు. చదివాక ఆయనకే వెలిగింది, దగ్గారు.

నేను లేచి నిలబడి, "ఒకటి చేశాను" అన్నాను.

అందరూ నవ్వారు. వినయం అనుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు. మూడో వరసలో అమ్మాయి మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుని, "పద" అంది.

కీటకాల గదికి తీసుకెళ్లింది. తాళంచెవులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, సాయంత్రం ఐదింటి దాకా ఉద్యోగమే కదా. తనే నలభై ఒకటో సొరుగు తీసి బల్ల మధ్యలో పెట్టింది, అంచుకు దూరంగా. సన్నటి పెన్ను, గోరంత సైజులో కోసిన చీటీలు పదకొండు సంచిలోంచి తీసింది.

పాత చీటీ ఎప్పుడూ తీయకూడదు, తప్పని తెలిసినా సరే. దాని కింద కొత్త చీటీ చేర్చాలి. అది కూడా మా పనిలో రూలే.

"నేను రాద్దామనుకున్నాను. ఇంత చిన్న అక్షరాలు నాకు రావు" అంది.

రాశాను. "చోటు తెలియదు. ట్రే పడేసి చీటీలు అంచనా మీద పెట్టాను. సంరక్షకుడు." పదకొండుసార్లు రాశాను. నాలుగోదానికి చెయ్యి కుదురుకుంది. ఆమె ఒక్కో తేనెటీగను సూదితో పైకెత్తి, కింద నుంచి చీటీ ఎక్కించి, మళ్లీ దాని చోట దాన్ని గుచ్చింది. చివరిది ఆ నల్లది. దాన్ని చేత్తో పట్టుకుని ఆగింది.

"తేదీ వెయ్యలేదు" అంది. "ట్రే ఎప్పుడు పడిందో లేకపోతే చీటీకి విలువ లేదు. నువ్వే చెప్పావు."

వెయ్యకుండా గడిచిపోతుందనుకున్నాను. వేశాను. జూన్ పద్నాలుగు, సంవత్సరంతో సహా.

వెలుతురుకు ఎత్తి చదివింది. మళ్లీ చదివింది.

"నా పుట్టినరోజు ఇది."

"అవును."

"ఫోను వచ్చిందా?"

"వచ్చింది. తొమ్మిదిన్నరకి. దాని కోసమే లేచాను."

"నేను పుట్టింది పదిన్నరకి. నువ్వు వచ్చింది పదకొండు దాటాక." వేళ్ల మీద లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటీ విడిగా అంది. "ఆసుపత్రి ఇక్కడికి ఎంత దూరం?"

"నడిస్తే పావుగంట."

"ట్రాఫిక్ అన్నావు."

"నడిచే వెళ్లాను. పరిగెత్తాను."

ఆమె ఆ తేనెటీగను దాని చోట గుచ్చింది. సొరుగు అద్దం మూసింది. మూసిన అద్దం మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది.

"కింద పడ్డవాటిని కింద వదిలేసి వచ్చేయాల్సింది నాన్నా" అంది.

గొంతులో కోపం లేదు. ఉంటే నేను ఏదో ఒకటి అని ఉండేవాణ్ణి. వదిలేసి వెళ్లి ఉంటే ఆ పదకొండూ చోటు తెలియనివిగా ఉండిపోయేవి, అది నిజమయ్యేది. నేను కాన్పు గది బయట ఉండేవాణ్ణి, పదిన్నరకు మొదటి ఏడుపు వినేవాణ్ణి. రెండూ పోగొట్టుకున్నాను. ఆమె ముందు ఏడ్చాను. ఏడుస్తుంటే ఆమె నా కళ్లజోడు తీసి తన చున్నీతో తుడిచి, నా చేతికి ఇవ్వకుండా తనే పట్టుకుని నిలబడింది.

కాసేపటికి, "అమ్మ కింద ఎదురుచూస్తోంది" అంది. "ట్రాఫిక్ సంగతి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెబుతానన్నాను. తాళం వేసి చెవులు ఆఫీసులో ఇచ్చేశాను. ఆవిడ మెట్ల దగ్గర నా టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. రేపు చెబుదామనిపించింది. అక్కడే, ఆ మెట్ల మీదే చెప్పాను.